చిన్నత్త ఊపిరి తీసుకున్న చోటు

మొన్న మా ఇంటికి నలుచదరంగా, పలచగా ఒక అట్టపెట్టె వచ్చింది. పూరీ గేట్ పేట సందుల్లో మా ఇల్లు దొరక్క తిరిగి తిరిగి చెమటలు కక్కిన కొరియర్ మనిషి, అందులో అద్దం ఉందనుకుని రెండు చేతులతో పట్టుకుని మరీ ఇచ్చాడు. అద్దం కాదు, రెండు పెద్ద గ్రామఫోన్ రికార్డులు. రెండింటి అట్టల మీదా మా చిన్నత్త మొహమే. ఎప్పుడో క్యాసెట్ల మీద అగ్గిపెట్టెంత ఉన్న ఫొటోలు ఇప్పుడు భోజనం పళ్లెమంత అయి కూర్చున్నాయి. చిన్నత్త కళ్లజోడు సవరించుకుని తన మొహాన్ని తానే చాలాసేపు చూసి, "నా ముక్కు ఇంత పెద్దదేటే? అప్పుడెవులూ సెప్పనేదు" అంది. ఆ తర్వాత వాటిని మళ్లీ పెట్టెలో సర్ది, పెట్టెను బీరువా వెనక్కి తోసేసింది. పాటలు విందామని ఒక్కమాట కూడా అనలేదు. ఆవిడకి భయంగా ఉందని నాకప్పుడే అర్థమైంది.

నిజానికి ఆ భయం పెట్టెకన్నా ముందే మా ఇంట్లోకి వచ్చింది. చిన్నత్త చాలా ఏళ్లు పాట మానేసి, మళ్లీ పాడటం మొదలుపెట్టినప్పుడు చేసిన రెండు ఆల్బమ్‌లనీ కలకత్తాలో ఒక కంపెనీవాళ్లు కొత్తగా విడుదల చేస్తున్నారు. అక్కడినుంచి ఒకాయన ఫోన్ చేసి, పాత టేపుల్ని మెషీన్ల మీద పెట్టి అంతా సాఫ్ చేశామని గొప్పగా చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి చిన్నత్తకి అన్నం సయించలేదు. "సాఫ్ అంటే ఏటే? దుమ్ము దులిపినారా, నా గొంతే కడిగీసినారా?" అని పొద్దస్తమానం నన్ను అడుగుతూనే ఉంది. స్కూల్లో జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నాకేం తెలుస్తుంది? తెలియదని చెప్పేదాన్ని, మనసులో నేనూ బెంగపడేదాన్ని.

చిన్నత్త అంటే మా నాన్నకి ఆఖరి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, ఎప్పుడూ మాతోనే ఉంది. మా తాత విజయనగరం వైపునుంచి, కలకత్తాకి రెండు మూడు గంటల దూరంలో ఉన్న ఈ రైల్వే ఊరికి వచ్చి వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరాడు. ఆదివారాలు తెలుగు చర్చిలో కీర్తనలు పాడే తన కూతురు, పోనుపోను కలకత్తా హోటళ్లలో మైకు పట్టుకుని హిందీ, బెంగాలీ పాప్ పాటలు పాడుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. దసరా పూజల రోజుల్లో పందిళ్లన్నిటా ఆవిడ పాటలే మోగేవి. తాత వాటిని వింటూ మొహం చిట్లించేవాడు గానీ ఇంకో దారిన మాత్రం వెళ్లేవాడు కాదు. చిన్నత్త గోల్‌బజార్‌కి కూరలకి వెళ్లినా ఎర్ర లిప్‌స్టిక్ వేసుకునే వెళ్లేది. వంకాయలమ్మే దాదా (బెంగాలీలో అన్నని అలాగే అంటారు) ఆవిణ్ని చూడగానే తక్కెడ పక్కన పెట్టేసి ఏదో ఒక పాట ఎత్తుకునేవాడు. శ్రుతి తప్పితే ఆవిడ అక్కడే నిలబడి దిద్ది, అప్పుడు వంకాయలు ఏరుకునేది.

నలభై దాటాక గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ, కట్టు విప్పాక వచ్చిన గొంతు వేరెవరిదో అరువు తెచ్చినట్టుంది. మాటకి సరిపోయేది, పాటకి సరిపోయేది కాదు. చిన్నత్త ఏడవలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, లిప్‌స్టిక్ మాత్రం మానేసింది. చర్చిలో అందరితోపాటు లేచి నిలబడి పెదవులు కదిపేది. అందులో శబ్దం లేదని పక్కన నిలబడే నాకొక్కదానికే తెలుసు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

అప్పుడు ఒక మధ్యాహ్నం, పూర్వం ఆవిడ పాటలకి అకార్డియన్ వాయించిన దాదా కలకత్తానుంచి వచ్చాడు. ఒక క్యాసెట్ కంపెనీ మళ్లీ పాడమని అడుగుతోందన్నాడు. చిన్నత్త ఆయనకి టీ ఇచ్చి, బిస్కట్లు పెట్టి, కుదరదని చెప్పి పంపేసింది. మర్నాడు పొద్దున్నే పెరట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్న చప్పుడు వినిపించింది. మా నాన్న పేపర్ దించి నా వంక చూశాడు. ఇద్దరం ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాం. ఆ రోజునుంచి మా ఇంట్లో ఫ్యాన్ బంద్, పోపులో మిరపకాయ బంద్, గట్టిగా తుమ్మడం కూడా దాదాపు బంద్. పక్కింటి పెద్దమ్మ గోడ అవతల నిలబడి, పుక్కిలించే చప్పుడును బట్టే, "ఇయ్యాల కాసింత నయమేనే. నిన్నయితే రేకుడబ్బా లాగున్నాది" అని మాకు కబురు చెప్పేది. మేం నవ్వేవాళ్లం. ఈసారి కూడా గొంతు రాకపోతే ఆవిడ ఏమైపోతుందోనని ఎవరూ పైకి అనలేదు.

రికార్డింగ్‌కి తోడుగా నేనే వెళ్లాను. హౌరా వెళ్లే లోకల్ రైల్లో, ఆ ఎండల్లో, మెడకి మఫ్లర్ చుట్టుకుని ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట లేదు. గొంతు దాచుకుంటోందనుకున్నాను. స్టూడియోలో మొదటి పాటకే చరణం పైకి వెళ్లేచోట గొంతు జీరబోయింది. మళ్లీ పాడింది, మళ్లీ అక్కడే ఆగిపోయింది. అద్దం అవతల ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు కనబడింది, ఆవిడకీ కనబడింది. హెడ్‌ఫోన్స్ తీసేసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నేను పక్కన కూర్చుంటే నా చేయి పట్టుకుంది.

"ఎల్లిపోదామే. ఇంటికెల్లిపోదాం. ఈ గొంతుతోటి పాడితే, ఆ పాత పాటలు కూడా సచ్చిపోతాయి."

ఇంతలో అకార్డియన్ దాదా వచ్చి కింద మెట్టు మీద కూర్చుని, శ్రుతి కాస్త దించుదామన్నాడు. దించితే అది తన పాట కాదని చిన్నత్త మొండికేసింది. ఆయన వాదించలేదు. లోపలికెళ్లి అకార్డియన్ తెచ్చుకుని, ఆ మెట్ల మీదే తగ్గు శ్రుతిలో తనకోసమే అన్నట్టు వాయించుకుంటూ కూర్చున్నాడు. చిన్నత్త మొహం తిప్పేసుకుంది. కాసేపటికి ముక్కుతో రాగం కలిపింది. ఇంకాసేపటికి, మొహం అటే ఉంచి, మాటలతో పాడింది. పూర్వపు గొంతులో ఉండే ఆ మెరుపు లేదు గానీ, దగ్గర కూర్చుని మనతోనే చెబుతున్నట్టుంది. లేచి మఫ్లర్ తీసి నా ఒళ్లో పడేసి లోపలికి వెళ్లింది.

ఆ పాటలో చివరి పాదానికి ముందు ఒకచోట ఆవిడకి ఊపిరి అందలేదు. ఒక్క క్షణం ఆగి, పెద్దగా గాలి పీల్చుకుని, అప్పుడు అందుకుంది. ఆ పీల్చుకోవడం టేపులో స్పష్టంగా పడింది. ఇంకోసారి పాడమంటే ఓపిక లేదంది. అలాగే వదిలేశారు. క్యాసెట్ వచ్చింది, జనం కొన్నారు, మరుసటి ఏడాది రెండోది కూడా చేశారు. లిప్‌స్టిక్ మళ్లీ వచ్చింది. కానీ ఇంట్లో ఆ పాట పెట్టినప్పుడల్లా, సరిగ్గా ఆ చోటు వచ్చేసరికి వంటింట్లో ఏదో ఒక గిన్నె ధడేల్మని కిందపడేది. మా అమ్మ సొట్టలు పడ్డ గిన్నెలు చూసి నిట్టూర్చేది. నాకు మాత్రం ఆ పాటలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ఊపిరే. మెషీన్లవాళ్లు దాన్ని చెరిపేసి ఉంటారేమోనన్నదే నా బెంగ. చిన్నత్త బెంగ కూడా అదేననుకున్నాను.

మా ఇంట్లో రికార్డులు వేసే సాధనం లేదు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ప్రేమ్ బజార్‌లో కాఫీ దుకాణం నడుపుతోంది, అక్కడుంది. నిన్న బతిమాలి బతిమాలి చిన్నత్తని టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కించాను. సగం దారిలో ఆవిడ నా వైపు ఒరిగి మెల్లగా అడిగింది.

"ఆ ఊపిరి తీసీసుంటారంటావా?"

"తియ్యరులే అత్తా. ఎందుకు తీస్తారు?"

"తీసీస్తే బాగున్నే. ఇన్నేళ్లూ ఆ ఒక్క సోటే నన్ను తినేస్తన్నాది. ముసిల్దాయి ఆయాసం అది. ఊరందరికీ ఇనిపించీసినాను."

నేను బిత్తరపోయాను. ఒకే ఇంట్లో, ఒకే పాట గురించి, ఇద్దరం రెండు వైపులకి భయపడుతున్నామన్నమాట.

దుకాణంలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వాళ్ల చదువులేవో చదువుకుంటున్నారు. అమ్మాయి రికార్డులో ఆ పాట మీదకి ముల్లు దించింది. టేపులో ఉండే ఆ బుస లేదు. అకార్డియన్ పక్క టేబుల్ మీదనుంచి వస్తున్నట్టుంది. చరణాలు ఒక్కొక్కటే దాటుతుంటే చిన్నత్త నా మణికట్టు పట్టుకుంది. అక్కడ పడెయ్యడానికి ఆవిడ చేతికి అందేట్టు గిన్నె కూడా ఏదీ లేదు.

ఆ చోటు వచ్చింది. ఊపిరి ఉంది. ఇదివరకటికన్నా స్పష్టంగా, మా మధ్యనే ఎవరో పీల్చుకున్నట్టు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఆవిడ వైపు చూడటానికి భయం వేసింది. పాట అయిపోయింది. "మళ్లీ ఎయ్యమనే" అంది చిన్నత్త. రెండోసారి కళ్లు మూసుకుని విన్నది. ఆ చోటు దాటాక నా మణికట్టు వదిలేసింది.

"ఒలే, అప్పటికి నాకెన్నేళ్లే?"

"యాభై ఉంటాయేమో అత్తా."

"యాభయ్యేనా?" ఎనభై ఏళ్ల మా చిన్నత్త ఫక్కున నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. "ముసిల్దాన్నయిపోనాననుకున్నానే. సూడు, ఎంత కుర్రదాయి ఊపిరో!"

ఆవేళ ఆ మెట్ల మీద పక్కన కూర్చున్నప్పుడు నా కంటికీ ఆవిడ ముసలిదే. ఇప్పుడు నేను ఆ వయసు దాటి చాలా ఏళ్లయింది. అంతా అయిపోయిందని మనం హడలిపోయిన రోజులు, ఇంకాస్త దూరం నడిచొచ్చి విన్నప్పుడు, పడుచు రోజుల్లాగే వినిపిస్తాయి కాబోలు.