ఓసాంగ్ పెద్దమ్మ ఇంగ్లీషు పక్షం

మా ఓసాంగ్ పెద్దమ్మ గొంతు విప్పితే సరస్సులో చేపలు పట్టేవాళ్లు తెడ్లు ఆపి వినేవాళ్లని మా ఊళ్లో చెప్పుకుంటారు. అతిశయోక్తే గానీ మరీ అంత అబద్ధమేం కాదు. మా బటంగాస్ ప్రాంతం వాళ్లవి అసలే పెద్ద గొంతులు. వాళ్లలో ఆవిడది మరీ పెద్దది. సంత పక్కన ఆవిడకో లోమీ కొట్టు ఉంది. లావు నూడుల్స్, పంది కాలేయం, గుడ్డు వేసి చిక్కగా కాచిన లోమీ గిన్నె ముందు పెట్టి, "తిను, చల్లారితే జిగురే మిగుల్తుంది" అని గద్దిస్తే ఎంతటి మొనగాడైనా తలొంచుకుని తినాల్సిందే.

ఆవిడకు పేరు తెచ్చింది మాత్రం లోమీ కాదు, పద్యాల పోరు. ఊరి పండగకు చర్చి ముందు వేదిక కడతారు. ఇద్దరు కవులు చెరో పక్షం పట్టి పద్యాల్లోనే వాదించుకుంటారు. పెళ్లి కాకముందు ఒకసారి తండ్రి గొంతు పట్టేస్తే ఆయన బదులు వేదికెక్కింది పెద్దమ్మ. సూది గొప్పా, నాగలి గొప్పా అన్న వాదంలో సూది పక్షం పట్టి, మంగలి గోర్యో మలబనాన్‌ను ఓడించింది. ఆ కోపంతో గోర్యో ఏడాది పాటు లోమీ ముట్టలేదు. తర్వాత ఆకలికి తట్టుకోలేక వచ్చాడు. అప్పటినుంచి ప్రతి పండక్కీ వాళ్లిద్దరే ప్రత్యర్థులు, ప్రతి మధ్యాహ్నం వాళ్లిద్దరే నేస్తాలు.

"ఏం గోర్యో, ఇవాళ ఎవరి చెవి కోశావు?"

"నీ నాలుక కోద్దామనే కత్తి నూరుకొచ్చా. ముందు ఒక గిన్నె పొయ్యి."

పెద్దమ్మకు మా ఇంటి భాష తగలాగ్ మీదున్న ప్రేమ వెనక ఒక గాయం ఉంది. చిన్నప్పుడు బడిలో ఇంగ్లీషు మాని తగలాగ్ మాట్లాడిన పిల్లల మెడలో అట్టముక్క వేలాడదీసేవారు. ఇంకొకరు నోరు జారేదాకా అది మెడలోనే ఉండాలి. ఒకసారి జారిపడి "అయ్యో అమ్మా" అన్నందుకు సాయంత్రం దాకా పెద్దమ్మే దాన్ని మోసింది. ఇంటికొచ్చి ఏడవలేదట. ఎదురింటి పందిపిల్లను కూర్చోబెట్టి, తనకు తెలిసిన తగలాగ్ తిట్లన్నీ దానికి వినిపించిందట.

ఆ ఏడు, పిల్లలకు చదువు ఏ భాషలో చెప్పాలని ఊళ్లో పెద్ద గొడవ రేగింది. అన్నదమ్ములు మాటలు మానేశారు. దాంతో మా ఊరి పెద్ద కపితాన్ బెరోంగ్, "వీధుల్లో కొట్టుకోవడం ఎందుకు? పండగకు ఇదే వాదం పెడదాం. తగలాగా, ఇంగ్లీషా?" అన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద తన తాటాకు టోపీలో రెండు చీటీలు వేసి పట్టుకున్నాడు.

పెద్దమ్మ చీటీ విప్పింది. ఇంగ్లీషు.

గోర్యోకు తగలాగ్ చీటీ వచ్చింది. అతనేమో అమెరికా సినిమాలు చూసి కౌబాయ్ బూట్లు కొనుక్కున్న మనిషి. గుండెలు బాదుకున్నాడు. "కపితాన్, ఇదేం అన్యాయం? నన్నొచ్చి మా అమ్మమ్మ భాష మొయ్యమంటారా?"

"మార్చుకుందామయ్యా!" అంది పెద్దమ్మ ఆశగా.

"టోపీలోంచి వచ్చింది మారదు" అన్నాడు బెరోంగ్.

ఆ వారం పెద్దమ్మకు అన్నం సహించలేదు. లోమీలో రెండుసార్లు ఉప్పు మరిచిపోయింది. నేను లిపా పట్నంలో ఒక కాల్‌సెంటర్లో పనిచేస్తాను. రాత్రంతా ఎవరెవరి బిల్లుల గురించో ఇంగ్లీషులో సర్దిచెప్పి పొద్దున ఇంటికొస్తాను. ఒక పొద్దున నేను కాఫీ తాగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"లిగాయా, నిజం చెప్పు. ఆ భాష నీకేం చేసింది?"

"కడుపు నింపింది పెద్దమ్మా."

"ఇంకా?"

"విసుగు పుట్టించింది. కానీ ఒక్కోసారి ఎక్కడో ఉన్న ముసలావిడ, 'నీతో మాట్లాడితే హాయిగా ఉందమ్మా' అంటుంది. ఆ మాట నాకు అర్థమైంది కూడా ఇంగ్లీషు వల్లే కదా."

పెద్దమ్మ నా కాఫీ కప్పు లాక్కుని ఒక గుక్క తాగింది. "అయితే అబద్ధం చెప్పక్కర్లేదన్న మాట" అని లేచింది. ఆ రోజు లోమీలో ఉప్పు సరిగ్గా పడింది.

పండగ సాయంత్రం చర్చి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. గోర్యో తెల్లచొక్కా వేసుకుని, బూట్లు మాత్రం విప్పలేక వాటితోనే వచ్చాడు. అమ్మ జోలపాటలతో మొదలుపెట్టి, సరస్సు మీద గాలిని, దేశం కోసం చచ్చిపోయినవాళ్లను తలుచుకుని సగం జనాన్ని ఏడిపించాడు. అతనంత బాగా చెప్పడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ విసనకర్ర మూసి ముందుకొచ్చింది. వెతికి వెతికి, జనంలో ఉన్న నా వైపు వేలు చూపించింది.

"ఇంటి భాష ముద్దే గానీ ఇంటి గడప దాటదు,
అమ్మ పాట తీపే గానీ అర్ధాకలి తీర్చదు,
చెల్లి కూతురి ఇంగ్లీషే చూరు వేసె కొట్టుకు,
వాననీరు ఇకమీదట లోమీలోకి కారదు!"

జనం విరగబడి నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఓడల మీద పనిచేసేవాళ్లను, ఆసుపత్రుల్లో నర్సులను, పరాయిదేశం కోర్టులో తన తరఫున తనే మాట్లాడి గెలిచిన పనిమనిషిని వరసగా తెచ్చి నిలబెట్టింది. ఒక్కో పద్యానికీ చప్పట్లు పెరిగాయి. చప్పట్లు పెరిగేకొద్దీ పెద్దమ్మ ముఖం వాడిపోయింది. తను గెలుస్తోందని ఆవిడకు తెలుసు. తన నోటితోనే తన అమ్మ భాషను ఓడిస్తోందనీ తెలుసు.

చివరి వంతు గోర్యోది. నుదురు తుడుచుకుని, ఈల వేసినంత తేలిగ్గా అన్నాడు:

"ఒప్పుకున్నా ఓసాంగూ, ఓడిపోయినట్టే నేను,
ఇంగ్లీషే గొప్పదంటూ ఇంతసేపూ చెబితే విన్నాను,
ఒక్క ప్రశ్న మిగిలిందే, ఉన్నమాట చెప్పరాదా,
గెలిచిన ఆ పద్యాలన్నీ తగలాగు పద్యాలు కాదా?"

 చర్చి కిటికీలు అదిరేలా కేకలు. చివరి వంతుకు కూడా నియమం ప్రకారం పెద్దమ్మ ఒక పద్యం జవాబు చెప్పొచ్చు. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. తల వంచి నమస్కరించి వెనక్కి తగ్గింది. బెరోంగ్ మల్లెదండ గోర్యో మెడలో వేశాడు. ఓడిన పెద్దమ్మ ముఖం మాత్రం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోతోంది.

మర్నాడు మధ్యాహ్నం గోర్యో కొట్లోకి తుఫానులా వచ్చి, వాడిన దండ బల్ల మీద పడేశాడు.

"ఇది నాకొద్దు. నీ దగ్గర జవాబుంది. ఇన్నేళ్లుగా ఆ నోరు చూస్తున్నా, నాకు తెలీదా?"

"ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నేను గెలుస్తాను కదయ్యా. నాకు గెలవబుద్ధి కాలేదు."

"ఆలా ఏ!" అని మా బటంగాస్ యాసలో నోరెళ్లబెట్టాడు. "నాకు దానం చేశావా? మంగలోడికి ముష్టి వేశావా?" అతని కళ్లు నిజంగానే చెమర్చాయి. "నా జన్మకు అంత మంచి పద్యం ఇంకోటి రాదే. దాన్ని నువ్వు కొట్టకుండా వదిలేస్తే అది నిలబడేదో కాదో నాకెలా తెలుస్తుంది?"

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది. తను చేసింది జాలి కాదు, అవమానమని అప్పుడు తట్టినట్టుంది. చెయ్యి ఏప్రన్‌కు తుడుచుకుని, మెల్లిగా అంది:

"కుండలోనే వండుతాము, కుండ కొరుక్కు తింటామా?
కడుపు నింపు కూడు ముందు కుండ గొప్ప అంటామా?"

కుండ తగలాగ్, కూడు ఇంగ్లీషు అని అర్థమై గోర్యో ముఖం విప్పారింది. దెబ్బ తగిలిందన్న బాధ లేదు, దెబ్బ అందిందన్న సంబరం. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"చిల్లి పడ్డ కుండలోన కూడు నిలిచి ఉంటుందా?
అమ్మ పేరు మరిచినోడి ఆకలైనా తీరుతుందా?"

సంతలో చేపలమ్మేవాళ్లు గంపలు వదిలేసి వచ్చారు. కపితాన్ బెరోంగ్ గిన్నె పట్టుకునే నిలబడిపోయాడు. పొయ్యి మీద లోమీ ముద్దైపోయింది. ఆ ముద్దనే అందరికీ వడ్డిస్తూ, మధ్యమధ్యలో గరిటె ఊపుతూ పెద్దమ్మ పద్యాలు చెప్పింది. ఎవరు గెలిచారో తేలలేదు. బడి భాష గొడవా తేలలేదు గానీ, మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర కూర్చుని చెరో పక్షాన అరిచారు.

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆ కొట్లో పోరు మామూలైపోయింది. మొన్న గోర్యోకు కాలి వాపుతో అడుగు పడకపోతే, "నువ్వు రావే, రాత్రంతా ఇంగ్లీషులో వాగుతావుగా, కాస్త తగలాగ్‌లో వాగు" అని పెద్దమ్మ నన్ను నిలబెట్టింది. కాఫీ గొప్పా, నిద్ర గొప్పా అన్నది వాదం. నిద్ర గురించి నాకు తెలిసినంత ఊళ్లో ఎవరికీ తెలియదనుకుని ధైర్యంగా మొదలుపెట్టాను. ఘోరంగా ఓడిపోయాను.