ఇరవై అడుగుల పెట్టెలో చీకటి

2026 మే 16, శనివారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. జగ్గయ్యపేట దగ్గర జాతీయ రహదారి పక్కనున్న ఒక యార్డులో, కొత్తగా నీలం రంగు వేసిన ఇరవై అడుగుల కంటైనర్‌లోకి జయమణి ఒక్కతే వెళ్లింది. ఆమె అడిగినట్టే బయటివాళ్లు రెండు తలుపులూ మూసి, నిలువు కడ్డీలు బిగించారు. ఆ తలుపులు లోపలినుంచి తీయడానికి వీల్లేనివి.

జయమణికి నలభై తొమ్మిదేళ్లు. ఊరు పెనుగంచిప్రోలు. ఇరవై మూడేళ్లుగా బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది. ఈ ఇరవై మూడేళ్లలో నాలుగు అద్దె గదులు మారింది. నాలుగో గదిలో ఉండగా, 2024 సెప్టెంబరు ఒకటిన, మునేరు పొంగి ఊళ్లోకి వచ్చింది. బల్లకింద పేర్చిన రెండువందల పన్నెండు మీటర్ల నీలం గుడ్డ రెండు రోజులు బురదనీటిలో నానింది. ఆ గదినీ ఈ నెలాఖరుకు ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు. నందిగామ బడి ఒకటి మూడువందల పది జతలకు ఆర్డరిచ్చింది, జూన్ పదికల్లా అందాలి. గుడ్డ సోమవారం దిగుతుంది. దాన్ని తడవకుండా దాచడానికి, మిషన్లు వేసుకోవడానికి ఆమెకొక చోటు కావాలి.

ఊరి మెరకవైపున జయమణి వాళ్లకు మూడు సెంట్ల స్థలముంది. గోడలు లేపే స్తోమత లేదు, వ్యవధీ లేదు. అందుకే కంటైనర్. పెట్టె ధర లక్షా ముప్పైరెండు వేలు, ట్రాలీ బాడుగ తొమ్మిది వేలు, ఎత్తి దించే క్రేనుకు అయిదు వేలు. అద్దెకైతే నెలకు ఏడువేలు, రెండు నెలల అడ్వాన్సు, రానూపోనూ బాడుగ తనదే. పంతొమ్మిదో నెలలో అద్దె మొత్తం ధరను దాటిపోతుందని కూతురు జెరూషా లెక్కవేసి చూపించింది. భర్త కృపారావు అంత దూరం వెళ్లలేదు. "ఇనప్పెట్టెక్కూడా అద్దె కడతావంటే, ఇంక నీకు అద్దె కట్టడం రోగమైపోయినట్టే," అన్నాడు. అతని మాట తీరు గుచ్చుకున్నా, ఆమె మనసులో ఉన్నదీ అదే. చీటీ పాడగా వచ్చిన లక్షన్నరతో ఈసారి కొనడానికే వచ్చింది.

తలుపులు మూయకముందు యార్డు యజమాని సతీష్‌బాబు నవ్వాడు. "మా దగ్గిర కాంట్రాక్టర్లు కూడా బయటినుంచి ఒక చుట్టు తిరిగి డబ్బులిచ్చేస్తారక్కా. మీరేంది, ఇనుమును గుడ్డ చూసినట్టు చూస్తున్నారు?"

"గుడ్డైనా ఇంతేనండి. వెలుతురుకి అడ్డంపెట్టి చూస్తేనేగా చిల్లులు తెలిసేది. దీన్నెత్తి పట్టుకోలేను గనక నేనే లోపలికి పోతున్నా."

"పదకొండింటికి కోదాడ పార్టీ వస్తోంది మరి. అయిదు నిమిషాలే."

"అయిదే. మూడుసార్లు కొడతాను, తీసెయ్యండి."

లోపల చీకటి దట్టంగా ఉంది. కొత్త రంగు వాసన గొంతులో పట్టుకుంది. మెడలో టేపు, కుడిచేతిలో సుద్దముక్క, నడుముకు కట్టిన సంచిలో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతం. రాలిన సూదులు ఏరుకోవడానికి ప్రతి దర్జీ దగ్గరా ఉండేదే అది. ఆమె నడుమ నిలబడి కప్పును, నాలుగు గోడలను, మూలలను వరసగా చూసింది. ఎక్కడా వెలుగుచుక్క లేదు. అయిదు నిమిషాలయ్యాయని బయటినుంచి జెరూషా కేకేసింది. మూడుసార్లు తలుపు కొట్టేటప్పటికి జయమణి నిశ్చయం చేసుకుంది: కొంటుంది. మిషన్లు ఎడమ గోడకు, కత్తిరింపుబల్ల తలుపు దగ్గర.

కడ్డీలు లేచిన చప్పుడైంది. తలుపు మాత్రం కదల్లేదు.

మళ్లీ లాగారు. ఎవరో కాలు అడ్డుపెట్టి లాగుతున్నట్టు మూలుగు వినిపించింది. తరవాత సతీష్‌బాబు గొంతు, తగ్గించి: "డేవిడ్‌రాజూ, ఈ రబ్బరుకు కూడా పెయింటేశావా?"

"మీరేగదండీ, పార్టీ వచ్చేటప్పటికి పెళ్లికూతుర్లా ఉండాలన్నది. ఎక్కడా మచ్చ కనపడగూడదన్నారు."

"ఆరకముందే మూసి బిగించావా?"

వెల్డర్ డేవిడ్‌రాజు తలుపును ఇంకోసారి గుంజాడు. తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ పచ్చి రంగుతో చట్రానికి అతుక్కుపోయింది. గునపం కోసం ఎవరో పరుగెత్తారు.

"అమ్మా," జెరూషా తలుపుకు నోరు ఆనించి పిలిచింది. "అంటుకుపోయిందంతే. తీస్తున్నారు. నువ్వు కూర్చో. నిమిషానికోసారి నేను టైము చెబుతా, నువ్వు పలకాలి. పలక్కపోతే ఊరుకోను."

"పలుకుతాలే. నువ్వు కంగారుపడి వాళ్లను కంగారుపెట్టబాక."

ఆమె చెక్క నేలమీద చతికిలబడింది. వీపు గోడకు తగిలి చురుక్కుమంది, ముందుకు జరిగింది. చెమట మోచేతులనుంచి బొట్లుబొట్లుగా కారుతోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఎనిమిది, అంది జెరూషా. పలికింది. తొమ్మిది. పలికింది. గునపం దెబ్బకు పెట్టె మొత్తం మోగింది. ఈ మోత తన గుండెలోనిదా, ఇనుములోనిదా అని ఒక్క క్షణం తేల్చుకోలేకపోయింది.

పన్నెండో నిమిషంలో ఎడమ గోడ అడుగున ఏదో మెరిసింది. సూదిమొనకన్నా చిన్నది. వేడికి కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుని తలను కుడికి వంచింది, ఎడమకు వంచింది. కంటిలోని మెరుపైతే చూపుతో పాటు జరుగుతుంది. ఇది ఉన్నచోటే ఉంది.

ఆరుబయటి ఎండలోంచి వచ్చిన కంటికి అయిదు నిమిషాల చీకటి చాలదు. చిన్న చిల్లు ఎండను సన్నని గీతలా లోపలికి పంపుతుంది. కానీ లప్పం పూసి రంగేసిన చిల్లు సన్నటి పగుళ్లలోంచి పొగమంచంత వెలుగునే వదులుతుంది. దాన్ని పట్టుకోవడానికి కన్ను పదిహేను, ఇరవై నిమిషాలపాటు నెమ్మదిగా తెరుచుకోవాలి. ఈ సంగతి జయమణి ఎక్కడా చదువుకోలేదు. ఆ క్షణాన కళ్లారా చూసింది.

మోకాళ్లమీద అటు పాకింది. చుక్క చుట్టూ సుద్దతో సున్న చుట్టింది. అయస్కాంతం తీసి ఆనించింది. పట్టలేదు. చేయి వదిలితే జారి ఒడిలో పడింది. జానెడు పక్కన పెడితే టక్కున కరుచుకుంది. పక్కన ఇనుము, ఇక్కడ లప్పం.

"పదహారు. అమ్మా?"

"ఆఁ."

"ఏం చేస్తున్నావ్?"

"పని."

గోడకు మరికొన్ని చుక్కలు, తలుపు మూలకు రెండు, కప్పు అంచున ఒకటి. కప్పుమీది దానికి చేయి అందలేదు. తల తిరుగుతుంటే గోడ పట్టుకుని నిలబడి, అరచేయి కాలుతున్నా దాని కిందుగా గీత గీసింది. 11 గంటల 2 నిమిషాలకు తలుపు చిరిగిన చప్పుడుతో ఊడివచ్చింది. ఎండ మొహాన కొట్టింది. జెరూషా ఆమెను పట్టుకుని నీడకు నడిపించి, సీసా నీళ్లు సగం తాగించి సగం తలమీద పోసింది.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు సతీష్‌బాబు. అతని చొక్కా కూడా తడిసిపోయింది. "ఈ భయానికి ఒక అయిదు వేలు తగ్గిస్తా."

"లోపల పదకొండు సుద్దగుర్తులున్నాయండి. చూసి రండి."

అతడు సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెళ్లాడు. వచ్చేటప్పటికి నవ్వు లేదు. "ఎక్కడో చిన్నచిన్నవి. వాటికి పదిహేను తగ్గిస్తా."

"మూడువందల పది జతల గుడ్డ తడిస్తే మీ పదిహేను ఏ మూలకండీ? అదుగో, వెనక జేగురు రంగుది. దాన్ని చూస్తా."

వెనక వరసలో, వంతెన పనినుంచి తిరిగొచ్చిన పాత పెట్టె ఉంది. ఒళ్లంతా సొట్టలు, తుప్పు మరకలు. రంగు పడలేదు గనక లప్పమూ పడలేదు.

"దాంట్లో పిల్లల బట్టలు కుడితే ఊరు నవ్వుద్దక్కా. అది అద్దెలకు తిప్పే సరుకు. కొంటానంటే అదే రేటు, లక్షా ముప్పైరెండు. రూపాయి తగ్గదు."

జయమణి మొహం తుడుచుకుని మెల్లగా చెప్పింది. "ఒప్పందమేంటంటే, ఇరవై రెండు నిమిషాలు లోపలుంటా. ఒక్క చుక్క కూడా కనపడకపోతే ఇప్పుడే కొంటా. ఒక్కటి కనపడినా కొనను, అద్దెకు తీసుకుంటా. అద్దె పెట్టె గనక, రేపు ట్రాలీ ఎక్కించేలోపల మీరే దానికి వెల్డింగ్ పెట్టించాలి, తరవాత కారినా మీదే పూచీ. కాయితం మీద రాయండి."

సతీష్‌బాబు రహదారివైపు చూశాడు. కోదాడ పార్టీ ఇంకా రాలేదు. "రాయి డేవిడ్‌రాజూ," అన్నాడు.

"అమ్మా, మళ్లీ పోతావా దాన్లోకి?" జెరూషా ఆమె చేయి పట్టుకుంది.

"ఈసారి కడ్డీలెయ్యరు. దగ్గరికి మూసి టార్పాలిన్ కప్పుతారు. నువ్వు గుమ్మంలోనే ఉండు."

కాగితంమీద జెరూషా రెండు గళ్లు గీసింది. నీలం పెట్టె అని రాసి, పక్కన 11 వేసింది. దాని కింద జేగురు పెట్టె అని రాసి గడి ఖాళీగా ఉంచింది.

11 గంటల 20 నిమిషాలకు చీకటి మళ్లీ మూసుకుంది. అయిదో నిమిషానికి ఏమీ లేదు. పదికి ఏమీ లేదు. గోడంతా అయస్కాంతం ఈడ్చింది, ఎక్కడా జారలేదు. పదిహేనో నిమిషానికి ఆమె ఊహలో మిషన్లు ఎడమ గోడకు చేరాయి. అద్దె అడగడానికి ఎవరూ రాని గుమ్మంలో బల్ల పడింది. పద్దెనిమిది, అంది జెరూషా. ఏమీ లేదు. చెమట కళ్లలోకి దిగితే తుడుచుకుని మళ్లీ తెరిచింది.

ఇరవై ఒకటో నిమిషం పిలిచాక, వెనక గోడ పైమూలలో ఏదో ఉన్నట్టు తోచింది. ఉన్నదా, లేదా? చీకటికి అలవాటుపడని ఇంకొకరి కంటికి అది ఆనదు. ఆమె తలను కుడికి వంచింది. ఎడమకు వంచింది. కళ్లు మూసి, పది లెక్కపెట్టి, తెరిచింది.

టార్పాలిన్ తొలగింది. సతీష్‌బాబు, డేవిడ్‌రాజు కొనుగోలా, అద్దా అన్నట్టు ఆమె మొహంలోకి చూశారు. జయమణి కూతురి చేతిలోని కలం తీసుకుని ఖాళీగా ఉన్న గడిలో అంకె వేసింది.

1