తేలిక సర్వరు, బరువైన సారు

కంప్యూటర్లు చదవని నన్ను కంప్యూటర్ ల్యాబుకు టెక్నీషియన్‌గా వేసుకున్న ధైర్యవంతులు మా తిరుపతి కాలేజీవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా డిపార్ట్‌మెంటు హెడ్డు సారుకు ఒక కోరిక పుట్టింది. మద్రాసుకూ బెంగుళూరుకూ చెదిరిపోయిన పాత విద్యార్థులందరినీ ఒక మెయిలింగ్ లిస్టులో చేర్చాలని. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికేది. నేనూ దాదాపు అంతే.

అయితే సారు ఫైళ్ళ మనిషి. ఆయన సంతకం లేనిదే మా దగ్గర సుద్దముక్క కూడా అరిగేది కాదు.

"ఎవురంటే వాళ్ళు ఏమంటే అది రాస్తే ఎట్లప్పా? నా కంట్లో పడకుండా ఒగటీ పోగూడదు" అన్నారు.

సాఫ్ట్‌వేరులో ఆ సదుపాయమూ ఉంది. వచ్చిన ఈమెయిలును ఆపి ఉంచుతుంది. ఒక వెబ్ పేజీలోకి వెళ్ళి 'సరే' అని నొక్కితేనే వదులుతుంది. సారు మౌసు ముట్టరు. కాబట్టి నేను ప్రతి ఈమెయిలునూ ప్రింటు తీసి, ట్యాగుతో ఫైలుకు కట్టి, 'తమ ఆదేశాల కొరకు' అని రాసి బల్ల మీద పెట్టేవాణ్ణి. ఆయన పచ్చ సిరాతో సంతకం చేశాక ల్యాబుకు పోయి నొక్కేవాణ్ణి. బెంగుళూరు నుంచి రెప్పపాటులో వచ్చిన మాట మా వరండా దాటడానికి వారం పట్టేది.

ఇంతలో సారు రిటైర్మెంటు వచ్చింది. ఆదివారం వీడ్కోలు సభ, భోజనాలు. ఆహ్వానం లిస్టులో వెళ్ళిందో లేదో, ల్యాబు మూలనుండి లిస్టును నడిపే ముసలి కంప్యూటరు ఆయాసపడి ఆగిపోయింది. దాని మీద నడుస్తూ ఆ పేజీలు చూపించే వెబ్ సర్వరు మరీ బరువు. దాన్ని దించేసి, ఏదో పత్రికలో చదివిన ఒక తేలికపాటి సర్వరును ఎక్కించాను. యంత్రం లేచి కూర్చుంది. కానీ 'సరే' నొక్కే పేజీ తెరవబోతే, పేజీ రాలేదు. "ఈ ఫైలును ఎక్కడ దాచుకుంటారు?" అని అడిగింది. వంట చేయించమంటే వంటమనిషినే తెచ్చి విస్తట్లో కూర్చోబెట్టినట్టు, ప్రోగ్రామును నడిపించకుండా నా చేతికే అందిస్తోంది. జవాబులేవైనా వచ్చి ఉంటే అవన్నీ లోపలే ఇరుక్కుపోయినట్టు.

సారు బల్ల ఖాళీగా ఉంది.

"ఏమప్పా, ఒగ ఫైలూ రాలేదే?"

"సర్వరు మార్చినాను సార్. పాతది బరువు. ఇది తేలిక."

"తేలికంటే? పని జెయ్యనిదా?"

ఆయన గొంతు తగ్గించారు. "సాకులు జెప్పబాకప్పా. పిల్లోళ్ళు ఎవురూ రాయలేదు. ఆ మాట నాతో జెప్పేదానికి నీకు మొగమాటం. అంతేగదా? ఇంట్లో అడగతా ఉండాది, ఎంతమందికి వండించల్ల అని. ఏం జెప్పేది?"

రాసినవాళ్ళు ఉన్నారో లేదో నాకూ తెలియదు. సర్వరు గురించిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఈ తేలిక సర్వరు తనంతట తాను ఏ ప్రోగ్రామునూ నడపదట. పేరు చివర చుక్క పెట్టి ఫలానా తోకపేరు ఉన్న ఫైళ్ళను నడపమని మనమే రాసివ్వాలి. మా ప్రోగ్రాములకు తోకలే లేవు. అలాంటప్పుడు రెండు కొటేషన్ గుర్తులు పెట్టి మధ్యలో ఏమీ రాయకూడదు. ఏమీ రాయకపోవడంలో నాకు పరీక్షహాళ్ళ నాటి అనుభవం ఉంది కాబట్టి అది సులువుగానే అయింది.

ఈసారి లిస్టు సాఫ్ట్‌వేరు అడ్డం తిరిగి, నువ్వు ఏ గ్రూపువాడివి, నిన్ను రానివ్వను అంది సర్వరుతో. తిరుపతిలో అద్దెకు ఇల్లడిగితే ఓనరమ్మ మొదట అడిగేదీ ఇదే. నేను సర్వరును ఆ సాఫ్ట్‌వేరు ఒప్పుకునే గ్రూపులోకే మార్చేశాను. మనుషులకు ఈ సౌకర్యం లేదు.

పేజీ తెరుచుకుంది. నిండా జవాబులు. అన్నిట్లోనూ మొదటి వాక్యం 'తప్పకుండా వస్తాం సార్'. రెండో వాక్యం దర్శనం టికెట్ల గురించి. మూడోది రూము. ఈ ఊళ్ళో కాపురమున్నవాడికి ఉత్తరాలు ఇలాగే వస్తాయి. సారు నొచ్చుకుంటారేమోనని ఫైలు బెరుగ్గా పెట్టాను.

ఆయన అన్నీ చదివి ముఖమంతా నవ్వయ్యారు. "సూడప్పా, అందురూ వస్తా ఉండారు! ఈ రద్దీలో రూములు యాడ దొరకతాయో ఏమో, పా!"

ఆ సాయంత్రం నా స్కూటరు వెనక కూర్చుని ఆయన లాడ్జీలన్నీ తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం దాటినా ఒక్కరూ రాలేదు. కొండమీద క్యూ కదలడం లేదని కబురు. వంటవాళ్ళు గొణిగారు. సారు గేటు దగ్గరే నిలబడ్డారు. చివరికి వ్యాన్లు వచ్చాయి. దిగినవాళ్ళందరివీ చందనం పూసిన గుండ్లు. ఎలాగూ వస్తున్నామని పాత మొక్కులన్నీ ఒకేసారి తీర్చుకున్నారు. ఆడపిల్లలు మూడు కత్తెర్ల జుట్టిచ్చి సరిపెట్టారు కాబట్టి సారు వాళ్ళను మాత్రమే గుర్తుపట్టారు.

"నువ్వెవురప్పా?"

"వెనక బెంచీ సార్. క్లాసులోనించి బయటికి పొమ్మనేవాళ్ళు గదా."

"అట్లంటే ఎట్లరా? నేను అందుర్నీ పొమ్మన్నా!"

నాలుగో గుండుకల్లా ఆయన ఆనవాళ్ళు అడగడం మానేసి వరసగా తలలు నిమరడం మొదలుపెట్టారు. అరచెయ్యంతా పసుపు రంగు చందనం. చెయ్యి కడుక్కోమని భార్య కేకేస్తున్నా వినకుండా విస్తరి ముందు కూర్చుని, "వడ్డించండప్పా, పిల్లోళ్ళు ఆకలిమీద ఉండారు" అన్నారు.

ఆ పిల్లోళ్ళలో ఒకరిద్దరు నేలమీద కూర్చోబోతే పొట్ట అడ్డమొచ్చి, కుర్చీ అడిగారు.