రాక్ బ్యాండుకి మావయ్య సన్మానం

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేదని మావాళ్ళు అంటారు. ఉండదూ మరి! ఇరవై రెండేళ్ళ వయసు, యాంగోన్ చౌక్తడా పేటలో ఒక లాయరు దగ్గర టైపు ఉద్యోగం, చెవుల్లో పొద్దస్తమానం దక్షిణాఫ్రికా రాక్ బ్యాండు. డర్బన్‌లో ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఏ రికార్డు కంపెనీ గడపా తొక్కకుండా, కారు షెడ్డులో పాటలు రికార్డు చేసుకుని, తామే ఊరూరా తిరిగి సీడీలు అమ్ముకుని పైకొస్తున్నారు. (వాళ్ళని ముందు కనిపెట్టింది నేనేనని నా నమ్మకం. అప్పటికే వాళ్ళకి వేలమంది అభిమానులున్నారు, అది వేరే సంగతి.) ఆరు నెలలు మెయిళ్ళు రాసి ప్రాణం తీస్తే, బ్యాంకాక్ వెళ్తూ ఒక్క మధ్యాహ్నం మా యాంగోన్‌లో (మా పెద్దల నోట ఇంకా రంగూనే) పాడతామన్నారు. "హాలు నువ్వు చూడు, మాకు గంటన్నర చాలు" అన్నారు. చూస్తానని మాటిచ్చాను.

నాకు దొరికే హాలు ఒక్కటే, బోటాటౌంగ్ పేటలో మా తెలుగు సంఘం హాలు. దాని అధ్యక్షుడు మా పెద్దమావయ్య. మూడు నుంచి ఆరు దాకా ఇచ్చాడు. ఆరింటికి శనివారం భజన, అది ప్రళయం వచ్చినా ఆగదు. అక్కడితో ఊరుకోక, డ్రమ్ములు వాయించే అమ్మాయి ముత్తాత మన కళింగపట్నం వైపు నుంచే అక్కడి చెరకు తోటలకి ఓడెక్కాడట అని నోరు జారాను. మావయ్య కళ్ళు మెరిశాయి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మూడింటికి హాలు నిండింది. ముందు వరసల్లో నల్ల చొక్కాల బర్మా కుర్రకారు, వెనక మా పెద్దలు. గిటార్ వాళ్ళు తీగలు సవరించుకుంటుంటే మావయ్య మైకు పట్టుకున్నాడు. దీపం, ప్రార్థన, నలుగురికీ తోలు కోట్ల మీద శాలువలు. పళ్ళ పళ్ళేలు పెట్టడానికి బల్ల లేదని డ్రమ్ముల మీద పెట్టారు! తరవాత సంఘం పెద్దలు ఏడుగురూ ఉపన్యాసాలు. ఒకాయన ఓడల చరిత్ర ఎత్తుకున్నాడు, ఇంకొకాయన తెలుగు ముక్క రాని ఆ పిల్లని గోత్రం అడిగాడు. ప్రతి ఉపన్యాసం చివరా ఇక పాటేనని బర్మా పిల్లలు చప్పట్లు కొట్టేవారు. దాంతో మావాళ్ళకి ఇంకా హుషారు.

"మావయ్యా, వాళ్ళు పాడటానికి వచ్చారు!" అన్నాను పళ్ళు నూరుతూ.

"ఏటే ఆ తొందర? రంగూను వొచ్చిన మన పిల్లకి మర్యాద సెయ్యకుండా పాట పాడించేత్తామేటి? పది మందీ ఏటనుకుంతారు?"

ఇక నా వల్ల కాలేదు. మైకు లాక్కున్నాను. సిగ్గు లేదా అన్నాను. మీ శాలువల మోజు తగలెయ్య అన్నాను. మా ఇంటి పెళ్ళిళ్ళలో ఈ పెద్దలు చేసిన నిర్వాకాలన్నీ తెలుగులో ఏకరువు పెట్టి, బర్మా వాళ్ళు పాపం వినాలి కదా అని మళ్ళీ బర్మా భాషలో చెప్పాను. మా అమ్మ తల పట్టుకుంది. తీరా గిటార్లు మోగేసరికి ఆరుకి అయిదు నిమిషాలు. ఒక్కటే పాట. భజనవాళ్ళు హార్మోనియంతో లోపలికొచ్చేశారు. ఆ నలుగురూ శాలువలు మడతపెట్టుకుని టాక్సీ ఎక్కుతుంటే వాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

ఇప్పుడు వాళ్ళ పాటకి వాళ్ళ దేశంలో మైదానాలు నిండుతున్నాయి, ఇప్పటికీ ఏ కంపెనీ లేకుండానే. ఇక్కడికి మళ్ళీ రాలేదు. సైన్యం ఏలుబడిలో ఈ ఊరు ఉన్న తీరుకి ఇక రారు కూడా. ఆ మంట మావయ్య మీద ఏళ్ళ తరబడి మోశాను, ఆయనతో సరిగ్గా మాట్లాడకుండానే.

మొన్న ఎవరో ఆనాటి వీడియో పంపారు. వెనక గోడ మీద గడియారం స్పష్టంగా కనిపిస్తోంది. మావయ్య మాట్లాడింది పద్దెనిమిది నిమిషాలు. నేను ముప్పై అయిదు. నా వెనక డ్రమ్ముల పిల్ల పుల్లలు రెండూ పైకెత్తి, నేను ఎప్పుడు ఆపుతానా అని చూస్తోంది. దించుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. ఆపవే తల్లీ, ఆపు, అని ఫోనులో ఉన్న నా మీదే అరిచాను. కానీ ఎంత కమ్మగా తిడుతోందో మైకు పట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల! చివరిదాకా చూడకుండా ఉండలేకపోయాను.