చివరి పేజీ అక్క

అక్క పోయిన సంగతి అక్క ఫోను నుంచే వచ్చింది. పొద్దున్న పనికి బయల్దేరుతూ చూస్తే మా పుస్తకాల గ్రూపులో ఆమె పేరు మీద ఒక వాయిస్ మెసేజీ ఉంది. కొత్త కబురేదో చెబుతుందనుకుని చెప్పులు తొడుక్కుంటూ నొక్కాను. ఆమె గొంతు కాదు, వాళ్లాయనది. "పుత్తకాలోల్లందరికీ నమస్కారమండి. మా ఇంటిది తెల్లారగట్ట పోనాది. మీకు సెప్పమన్నాది." అంతే. ఆ మాటల వెనక సముద్రం హోరు వినిపించింది.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో రోజువారీ లెక్కలు రాస్తాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా దొరికింది దొరికినట్టు, నాకు నేనుగా చదువుకున్నదే. నలుగురిలో మాట్లాడే అలవాటు తక్కువ. అలాంటివాడు ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాడంటే అదీ ఆమె చలవే.

టెక్కలి లెక్చరరు గారొకరు పెట్టిన వాట్సాప్ గ్రూపు మాది. పెద్ద పెద్ద చర్చలేమీ ఉండవు. ఎవరేం చదువుతున్నారు, ఏ రచయిత మొదటి పుస్తకం తర్వాత చప్పబడ్డాడు, పేజీ మూల మడవడం తప్పా కాదా, పడుకుని చదివితే నిద్రొస్తుందా పోతుందా, ఇలాంటి కబుర్లు. నేను చాలాకాలం అందరివీ చదివి ఊరుకునేవాణ్ణి. ఏదైనా రాద్దామని మొదలుపెట్టి, చెరిపేసి, ఫోను జేబులో పెట్టుకునేవాణ్ణి.

అక్కది వజ్రపుకొత్తూరు వైపు సముద్రపొడ్డు ఊరు. అంగన్‌వాడీ టీచరుగా చేసి, ఒంట్లో బాగోక మానేసింది. వాళ్లాయన వేటకెళ్లే మనిషి. ఆమె టైపు చేస్తే పుస్తకం భాష, వాయిస్ పెడితే ఊరి భాష. సాయంత్రం దీపాలవేళకి ఆమె గొంతు వచ్చేది. "ఇయ్యాల ఎవరెవరు ఎక్కడెక్కడ ఆపినారు?"

పుస్తకం ఎలా ఉందని అడిగితే నాకు జవాబు తోచదు. ఎక్కడ ఆపావంటే చెప్పగలను. సాయంత్రం నిల్వ ఎంతో రాసి పద్దు మూసేవాణ్ణి కదా, అలాంటి ప్రశ్నే అది. ఒకరోజు ధైర్యం చేసి పేజీ నంబరు పెట్టాను. ఎందుకు ఆపావని వెంటనే అడిగింది. కరెంటు కట్ అని రాశాను. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. అక్క మాత్రం కథలోకే వచ్చింది. కరెంటు పోయేసరికి ఆ కథలో పిల్ల ఎక్కడుందని అడిగింది. గుమ్మంలో అన్నాను.

"గుమ్మంలో వొదిలేసినావా తమ్ముడా? పాపం, ఎంతసేపని నిలబడతాది."

కరెంటు వచ్చాక ఆ పిల్ల ఇంట్లోకి వెళ్లేదాకా చదివాను. మర్నాడు ఆ మాటే గ్రూపులో రాశాను. నేనక్కడ రాసిన మొదటి పూర్తి వాక్యం అది. తర్వాత తర్వాత రెండు వాక్యాలు, ఒక పేరా రాయగలిగాను. ఎవరూ నా చదువు సంగతి అడగలేదు. ఎక్కడ ఆపావని మాత్రమే అడిగారు.

ఆమెకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. నవలలో చివరి పేజీ ముందే చూసే అలవాటు ఎవరికైనా ఉందా అని ఒకసారి మాట వచ్చింది. అందరం అబ్బే అన్నాం. అక్క ఒక్కతే తను ఎప్పుడూ అక్కడే మొదలెడతానంది. నౌపడలో మందుల షాపు పెట్టుకున్న ఒకాయన మా గ్రూపులో వేళాకోళానికి పెట్టింది పేరు. ముందు కిళ్లీ వేసుకుని తర్వాత విస్తరి ముందు కూర్చునే రకం మీరు, అన్నాడు. "కిల్లీ బాగుంటేనే పంక్తిలో కూకుంటాను నాయినా" అని ఆమె జవాబు. ఆ రోజు నుంచి ఆమె అందరికీ చివరి పేజీ అక్క అయింది. ఆమె కూడా కింద సంతకం పెట్టినట్టు ఆ పేరే పెట్టుకునేది.

ఒకసారి నా దగ్గరున్న పాత నవల ఒకటి చదవాలని ఉందంది. పోస్టులో పంపుతానన్నాను. అక్కర్లేదు, రోజు విడిచి రోజు పలాస వస్తూనే ఉంటానంది. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా వైపు ఆ మాట అన్న మనిషిని ఎందుకని ఎవరూ అడగరు. పుస్తకం పట్టుకుని ఆసుపత్రిలో డయాలసిస్ గదికి వెళ్లాను. ఒక చెయ్యి మిషనుకిచ్చి, రెండో చేత్తో ఇంకేదో పుస్తకం గుండెల మీద ఆనించి పట్టుకుని, బొటనవేలితో పేజీ తిప్పుతోంది. వాళ్లాయన పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను అక్కా అన్నాక ఆయన్ని బావా అనకుండా ఎలా ఉంటాం. అలాగే పిలిచాను.

ఆమెను అలా చూసేసరికి చివరి పేజీ సంగతి నాకు అర్థమైందనుకున్నాను. అక్క నా మొహం చదివేసింది.

"ఈ మిసను వల్లనుకుంటన్నావేటి? కాదు తమ్ముడా, ఇది నిన్నగాక మొన్నొచ్చినాది. మాయింట్లో మా అమ్మ కాణ్ణించీ అంతే. ఏటకెల్లినోడు ఒడ్డుకొచ్చినాడని తెలిత్తే గాని పొయ్యిమీద ఎసరు పెట్టం. బతుకంతా ఎదురుసూడ్డమే అయిపోనాది. కతలోనూ ఎదురుసూడమంటే నావల్ల కాదు."

బావ నేలచూపులు చూస్తూ నవ్వుకున్నాడు. తన కోసం ఆయన వేట మానేశాడని, ఇప్పుడు ఎదురుచూడ్డానికి ఎవరూ లేరని, ఆ పని మరిచిపోయేలా ఉన్నానని ఆమే చెప్పింది. అందుకని ఈ ఒక్క పుస్తకం అందరిలా మొదటినుంచీ చదివి చూస్తానంది. "కానీ నా సెయ్యి నా మాట ఇనదు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి."

పుస్తకం మళ్లీ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. ఓచర్లు కుట్టే దబ్బనం, తెల్లదారం నా బల్ల మీదే ఉంటాయి. చివరి ప్రకరణం పేజీలన్నీ కలిపి అంచున కుట్టేసి ముడి వేశాను. నేనూ ఆ నవల అప్పటికి చదవలేదు. ఆమె అయ్యాక నా వంతు. ఆ పుస్తకం చూసి అక్క చిన్నపిల్లలా సంబరపడింది. బావ మాత్రం ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేటి ముడి? పిల్లలు గాలిపటానికేసినట్టున్నాది" అన్నాడు.

గ్రూపులో అది పందెం అయింది. అక్క దారం తెంపకుండా అక్కడిదాకా చదివితే తను ఒక కవిత్వం పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదువుతానని మందుల షాపాయన మాటిచ్చాడు. ఆయనకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఒక్క మాట మీద విడిపోయి, కాలవకి చెరో గట్టున బతికే అక్కచెల్లెళ్ల కథ అది. మళ్లీ మాట్లాడుకుంటారా లేదా అన్నదే కథంతా. మా అక్క ప్రతి సాయంత్రం తను ఎక్కడ ఆపిందీ చెప్పేది. ఈ చెల్లెలికి పొగరు, ఒక్క చెంపదెబ్బ పడాలి అనేది. మర్నాడు ఆ చెల్లెలి మీదే జాలిపడేది. తెలియకుండా చదవడం ఇంత బాధగా ఉంటుందా, మీరంతా ఎలా చదువుతున్నారు అని మమ్మల్నే తిట్టేది. మేమూ ఆ అక్కచెల్లెళ్ల గురించి వాళ్లు మా వీధివాళ్లే అన్నట్టు మాట్లాడుకునేవాళ్లం.

తర్వాత పేజీలు తగ్గాయి. మిషను మీంచి లేచాక అక్షరాలు ఈదుతున్నాయంది. ఒకరోజు అర పేజీ అంది. ఇంకోరోజు ఎక్కడ ఆపారని అందరినీ అడిగి, తను మొదలే పెట్టలేదంది. నాకు భయం పట్టుకుంది. జీవితమంతా ఒడ్డున నిలబడి ఎదురుచూసిన మనిషికి, కథ ఒడ్డు కనబడకుండా దారం వేసి కుట్టింది నేనే. ఆమెకి విడిగా మెసేజీ పెట్టాను, అక్కా, ఆ దారం తెంపెయ్యండి, పందెం లేదు ఏమీ లేదు అని. చాలాసేపటికి జవాబు వచ్చింది. "పందెం పందెమే. మందుల సాపోడు కవిత్వం సదవాల." గొంతు పీలగా ఉంది కానీ నవ్వు ఉంది. ఆ తర్వాత ఆమెను చూడ్డానికి రెండుసార్లు వెళ్లాను. ఒకసారి నిద్రలో ఉంది. ఇంకోసారి మాట్లాడే ఓపిక లేదు. దారం మాట మళ్లీ ఎత్తలేకపోయాను.

కర్మ రోజున మందుల షాపాయన, నేను కలిసి వాళ్ల ఊరు వెళ్లాం. కొబ్బరితోటలు దాటి ఇసకలోకి వచ్చాక ఆటోవాడు ఆపేశాడు. భోజనాలయ్యాక బావ లోపలికి వెళ్లి, తువ్వాలులో చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుర్తు కోసం పెట్టుకున్న బస్సు టిక్కెట్టు సరిగ్గా మధ్యలో ఉంది. అక్క చదువు అక్కడే ఆగిపోయింది. చివరి పేజీల వైపు తిప్పాను.

నా తెల్లదారం లేదు. వలలు బాగుచేసే నీలం నైలాన్ దారంతో పేజీల అంచు గట్టిగా కుట్టి ఉంది. పక్కపక్కనే వలముడులు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

బావ ఆ ముడుల మీద వేలు పెట్టి చూపించాడు.

"సెప్పొద్దన్నాది. కానీ ఆ దారమే సెప్పేత్తాది గదా" అన్నాడు. "పోయే ముందు వారం కత్తెర తెమ్మన్నాది. నేనే తెంపినాను. సదివి పెట్టమన్నాది. నాది కూడబలుక్కునే సదువు. రెండుచోట్ల తప్పు సదివితే దిద్దినాది. అంతా అయ్యాక మల్లీ కుట్టెయ్, తమ్ముడు సూత్తే ఊరుకోడు అన్నాది. మా ఇంట తెల్లదారం నేదు."

ఆఖరు విన్నాక ఆమె ఏమందని అడిగాను.

"కూసింతసేపు కల్లు మూసుకున్నాది. 'అయితే ఎసరు పెట్టు' అన్నాది. ఆ పూట రెండు ముద్దలు తిన్నాది."

మందుల షాపాయన లేచి కొబ్బరిచెట్ల వైపు వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చాడు. న్యాయంగా పందెం ఆయనే గెలిచాడు. అయినా ఇప్పుడు కవిత్వం పుస్తకం ఒకటి చదువుతున్నాడు. ఏమీ అర్థం కావడం లేదని రోజూ గ్రూపులో మొరపెట్టుకుంటున్నాడు. సాయంత్రం ఎవరెవరు ఎక్కడెక్కడ ఆపారని అడిగేది కూడా ఇప్పుడు ఆయనే.

నేను నవల మొదటినుంచీ చదివాను. ఆమె మధ్యలో వదిలిన బస్సు టిక్కెట్టు దాటేటప్పుడు కొంచెం ఆగాను. దాన్ని అక్కడే ఉంచి ముందుకు వెళ్లాను. కథ చివరికి ఏమైందో నాకింకా తెలియదు. ఎసరు పెట్టమందని మాత్రం తెలుసు. నాకదే చాలు.

నిన్న సాయంత్రం గ్రూపులో, ముడి దగ్గర ఆపాను అని రాశాను. పుస్తకం నా బల్ల మీదే ఉంది, కత్తెర దాని పక్కనే ఉంది. నీలం దారం చివర ఎండిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. కిటికీ తెరిస్తే ఆ పొలుసు మెరుస్తోంది.