పచ్చడి సీసాలో పట్టని గొట్టం

1988. ఖరగ్‌పూర్ గోల్‌బజార్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా నాకది నాలుగో ఏడు. దాని పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. బయాప్సీ, అంటే ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని మైక్రోస్కోప్ కింద పరీక్షించడం, మా దగ్గర లేదు. కలకత్తా పంపాలి. దానికో పద్ధతి ఉండేది. పేషెంటు ఇంటివాళ్లే ఖాళీ పచ్చడి సీసా ఒకటి కడిగి తెచ్చేవారు. తీసినదాన్ని ట్రేలో పెట్టి ముందు వాళ్లకు చూపించేవాళ్లం. తర్వాత ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా ఉంచే మందునీళ్లలో వేసి, సీసా వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం. వాళ్లు లోకల్ రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లేవారు. ఆ సీసాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక లైనులో అప్పలనరసమ్మ పిన్ని ఉండేది. యాభై రెండేళ్లు, ముట్లుడిగి మూడేళ్లయింది. ఆమె భర్త సింహాచలం బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్.

"ఏటో నీల్లలాగ కారిపోతందమ్మా," అంది పిన్ని. "కడుపులో మెలిపెడతాది. గబుక్కున సీర తడిసిపోతాది. అప్పుడు నొప్పి తగ్గుతాది. ఎవలికి సెప్పినా తెల్లబట్టే అంటన్నారు."

మా డాక్టరూ అదే అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగించాడు. డి అండ్ సి చేశాడు, అంటే గర్భసంచి లోపలి పొర గీకి పరీక్షకు పంపడం. అందులో ఏమీ లేదు. నీళ్లు మాత్రం ఆగలేదు. "వయసైపోయింది కదా, సంచీ తీసేద్దాం, ఠీక్ హో జాయేగా, నయమైపోతుంది," అన్నాడు. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆపరేషన్ రోజు చూస్తే గర్భసంచి చిన్నగా, శుభ్రంగా ఉంది. అండాశయాలూ బాగానే కనిపించాయి. కుడివైపు ఫెలోపియన్ ట్యూబ్, అంటే అండాన్ని గర్భసంచికి చేర్చే సన్నటి గొట్టం, బొటనవేలంత లావున ఉబ్బి ఉంది.

"సర్, ఈ ట్యూబ్..." అన్నాను.

"నీరు చేరింది, అంతే. ట్యూబ్‌కు ఏం రోగమొస్తుంది?" అన్నాడు తలెత్తకుండానే.

ట్రే గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. కొందరు మొహం తిప్పుకుంటారు. బాబాయి మాత్రం వంగి, పనిలో సామాను చూసినట్టు నిదానంగా చూశాడు. లోపలికొచ్చాక మొత్తం సీసాలో పట్టలేదు. "పక్కవి కత్తిరించెయ్. ఫారంలో యూటరస్ అనే రాశాను," అన్నాడు డాక్టరు. ట్యూబులూ అండాశయాలూ కత్తిరించి బకెట్లో పడేశాను.

కలకత్తా రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చింది. బాబాయి నాకు మిఠాయి పెట్టాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు.

కొన్ని నెలలకు పిన్నికి పొట్ట ఉబ్బింది. ఎక్కడికెళ్లినా బాబాయి ముందు ఆ రిపోర్టే తీసేవాడు. అది చూడగానే డాక్టర్లు నిశ్చింతగా గ్యాస్ మందు రాసేవారు. కాపాడాల్సిన కాగితమే దారికి అడ్డం పడింది. చివరికి కలకత్తాలో పొట్టలో నీరు తీసి చూసి, క్యాన్సర్ అంతటా పాకిందన్నారు. ఎక్కడ మొదలైందో మాత్రం చెప్పలేమన్నారు. ఎలా చెబుతారు? చెప్పగలిగిన ముక్కను మేం బకెట్లో వేశాం కదా!

బాబాయి ఆ కవర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వు పల్లెంలో సూపించినప్పుడు ఉబ్బిన గొట్టమొకటుంది. నాను సూసినాను. అది సీసాలో ఏసినారా?"

"లేదు బాబాయ్."

"ఏల?"

"సీసాలో పట్టలేదు."

బాబాయి చేతిలోని కవర్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీరు కారతంటే మేం ముందు గొట్టం సూస్తాం. టాంకీ బాగుందని కాయితం రాసీసి, గొట్టం తుక్కులో పారేస్తే మా పైనుండే ఛార్జ్‌మేన్ ఊరుకోడు. పెద్ద సీసా తెమ్మంటే తెచ్చీవోణ్ణి కదమ్మా."

పిన్ని ఆ చలికాలం దాటలేదు.

డాక్టరుకు చెబితే, "ట్యూబ్‌లో క్యాన్సర్ అరుదు, ఇక్కడ గొడవ చెయ్యకు," అన్నాడు. అరుదట! వెతకకుండా పారేస్తే ఏ రోగమైనా అరుదే అవుతుంది. చాలా ఏళ్ల తర్వాత, అండాశయానిదనుకున్న క్యాన్సర్లు చాలా వరకు ట్యూబ్ చివర కుచ్చుల్లా ఉండే అంచులోనే మొదలవుతాయని పెద్ద డాక్టర్లు చెప్పడం విన్నాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంది నాకు. అప్పట్లో అది మాకు తెలీదు, నిజమే. కానీ పిన్ని విషయంలో ఆ సాకు చెల్లదు. ఆ గొట్టం మా కళ్లముందే ఉబ్బి ఉంది.

ఆ తర్వాత థియేటర్ అలమారాలో వెడల్పు మూతి సీసాలు నేనే పెట్టించాను. తీసిన ప్రతి ముక్కా కుడి, ఎడమ అని చీటీ కట్టి పంపాను. డాక్టరు విసుక్కుంటే, "పారెయ్యమని రాసి సంతకం పెట్టండి," అనేదాన్ని. ఒక్కసారీ పెట్టలేదు.

రిపోర్టు బాగుందని ఎవరైనా అంటే, పరీక్షకు ఏమేం వెళ్లాయో అడగండి. ఆ కాగితం సీసాలోకి వెళ్లినదాని గురించే చెబుతుంది. బకెట్లోకి వెళ్లినదాని గురించి ఎవరూ రాయరు. అందుకే ఇది నేను రాస్తున్నాను. చెప్పింది డాక్టరే కావచ్చు, పడేసిన చెయ్యి నాది.