అత్త పట్టుబట్టి తెప్పించిన టెన్నిస్

పత్తికొండలో మా మేనత్తకు గాజుల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనుక ఇల్లు. రెండింటి మధ్య ఒక తలుపు, ఆ తలుపు పక్కన చిన్న బల్ల మీద ల్యాండ్‌లైన్ ఫోను. రెండువేల ఏడో ఎనిమిదో సంవత్సరం అనుకుంటాను, బీఎడ్ ముగించి అక్కడి ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతూ నేను అత్త ఇంట్లోనే ఉండేదాన్ని. మామ తెల్లవారకముందే టమోటా మార్కెట్టుకు వెళ్లి, మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, వార్తలు చూసి పడుకునేవాడు. ఆ తర్వాత టీవీ అత్తది.

అత్తకు టెన్నిస్ అంటే ప్రాణం. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆమె చదివింది ఐదో తరగతి. టెన్నిస్ బంతిని ఎన్నడూ చేత్తో పట్టుకున్నది కాదు. నేను అక్కడికి చేరడానికి రెండేళ్ల ముందు అంగడిలో నిచ్చెన మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించుకుని మూడు నెలలు మంచం మీద ఉంది. ఎదురుగా టీవీ. సీరియళ్లలో ఏడుపులు చూసి విసుగెత్తి, రిమోట్ నొక్కుతూ పోతుంటే ఒక చానల్లో ఇద్దరు ఆడపిల్లలు పచ్చగడ్డి మీద బంతిని అటూ ఇటూ కొడుతూ కనిపించారట. చప్పట్లు తప్ప గోల లేదు. అది నచ్చి ఆగిపోయింది.

ఆ ఆట నియమాలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదిహేను, ముప్పై, ఆ తర్వాత నలభై ఐదు రావాల్సింది నలభై ఎందుకు వస్తోందో తెలియక రెండు రోజులు తల పట్టుకుందట. నలభై నలభై అయ్యాక వరసగా రెండు గెలిస్తేనే ఆట అవుతుందని మూడో రోజుకు తనే కనిపెట్టింది. ఆటగత్తెల పేర్లు ఆమె నోటికి తిరిగేవి కావు. ఎత్తుపిల్ల, జడపిల్ల అని తనే పేర్లు పెట్టుకుంది. జడపిల్ల అంటే ఆమెకు మహా ఇష్టం. వెనకబడినప్పుడు కూడా ఆ పిల్ల ముఖంలో దిగులు కనపడదని చెప్పేది.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో మా వీధి కేబుల్లో ఆ ఆటల చానల్ ఆగిపోయింది. కేబులాయన్ను అడిగితే పైవాళ్లు రేటు పెంచారని, రేపో మాపో వస్తుందని నెల రోజులు చెప్పాడు. లండన్లో గడ్డి మీద ఆడే పోటీలు జూన్ చివర్లో మొదలవుతాయని అత్తకు తెలుసు. ఇక లాభం లేదని మామను ఒప్పించి డిష్ పెట్టించింది. డిష్ బిగించిన మనిషి, ఆటల చానళ్లు మామూలు ప్యాకేజీలో రావనీ, వాటికి విడిగా స్పోర్ట్స్ ప్యాక్ వేయించుకోవాలనీ, దానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే చాలనీ చెప్పి వెళ్లిపోయాడు. ఫోన్ చేయడం నా పని అయింది. ఇంగ్లీషు టీచర్ని కదా.

మొదటి రోజు ఫోన్లో వాళ్లు పెట్టిన పాటే ముప్పావు గంట విన్నాను. తర్వాత ఒకమ్మాయి తెలుగులో పలికింది. డిష్ బాక్సు వెనుక ఉన్న నంబరంతా చదివించుకుని, మీకు ఏం కావాలి మేడం అని అడిగింది. నా పక్కనే నిలబడి ఉన్న అత్త, ఆటలు కావాలని చెప్పు అంది. నేను అదే మాట చెప్పాను. ఆ అమ్మాయి ఎంతో సంతోషంగా, ఇరవై నాలుగు గంటల్లో వచ్చేస్తుంది మేడం అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు వచ్చింది. రిమోట్‌తో పిల్లలు ఆడుకునే ఆటలు. పాము పండు తినడం, ఇటుకలు పగలగొట్టడం. అత్త ఆ పామును కాసేపు చూసి, రిమోట్ నా చేతిలో పెట్టి అంగడిలోకి వెళ్లింది. తిట్టినా బాగుండేదనిపించింది.

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి స్పోర్ట్స్ అని ఇంగ్లీషులోనే స్పష్టంగా చెప్పాను. ఒకతను సరేనన్నాడు, రాలేదు. తర్వాతి రోజు ఇంకొకామె, మీ ప్రాంతానికి ఆ ప్యాక్ లేదంది. ఆ మరుసటి రోజు మరొకతను, ఉంది కానీ ముందు ఆ పిల్లల ఆటలు తీసేయాలి, దానికి వేరే విభాగానికి చేయాలి అన్నాడు. ఆ వేరే విభాగంలో హిందీ తప్ప మరో భాష లేదు. ఈ మధ్యలో నా సెల్‌ఫోనుకు మీ సమస్య పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది. అది చూపిస్తే అత్త అడిగి చదివించుకుని, మళ్లీ చదవమంది. పోటీలు మొదలై అప్పటికి వారం దాటింది. నేను ప్రతిసారీ థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. పిల్లలకు ఇంగ్లీషులో ఎలా మర్యాదగా మాట్లాడాలో చెప్పే మనిషిని, నాకు గట్టిగా అడగడం రాలేదు. ఇక నావల్ల కాదు అత్తా అని ఒక సాయంత్రం చేతులెత్తేశాను.

అత్త కోప్పడలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి బల్ల మీద పరుచుకుంది. నేను ఫోన్ చేసిన ప్రతి తేదీ గడిలోనూ ఆమె పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంచింది. ఎన్ని గంటలకు, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు. నేను ఫోన్లో వాళ్ల పేర్లు పలికినప్పుడు పక్కన నిలబడి విని రాసుకున్నదట. నాకు అంతవరకు తెలియదు.

మర్నాడు గురువారం. ఆడవాళ్ల సెమీఫైనల్, జడపిల్ల ఆట సాయంత్రం అని పేపర్లో ఉంది. నేను బడి నుంచి వచ్చేసరికి అత్త ఫోన్ బల్ల పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. భుజానికీ చెవికీ మధ్య రిసీవరు. అంగడిలో తుగ్గలి వైపు నుంచి పెళ్లిగాజుల కోసం వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లకు చేత్తోనే డజన్లు చూపిస్తోంది, చెవిలో మాత్రం ఆ పాట మోగుతూనే ఉంది. మధ్యాహ్నం నుంచి ఇద్దరితో మాట్లాడిందట. ఇద్దరికీ ఒకే మాట చెప్పింది, మీ పైనున్న మనిషిని పిలవండి, నేను ఫోన్ పెట్టను.

ఐదు దాటాక ఆ పైనున్న మనిషి వచ్చాడు. గొంతు చదువుకున్న తెలుగు, పేపర్లో అచ్చేసినట్టు. మీ ఫిర్యాదు నమోదు చేస్తాను మేడం, ఇరవై నాలుగు గంటల్లో అని మొదలుపెట్టాడు. రిసీవరు కొంచెం ఎడంగా పెట్టడం వల్ల నాకూ వినిపిస్తోంది.

అత్త క్యాలెండర్ దగ్గరికి లాక్కుంది. మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. తేదీ, గంట, మనిషి, మాట. తడబడలేదు, గొంతు పెంచలేదు. పిల్లల ఆటలు వేసిన అమ్మాయి దగ్గర నుంచి హిందీ విభాగం దాకా అంతా చదివింది. గాజులు ఏరుకుంటున్న ఆడవాళ్లు ఏరడం మానేసి విన్నారు. చదవడం అయ్యాక అంది.

“నువ్వు ఇప్పుడు చెప్పిన మాట నాకు మొదటి దినమే చెప్పినారప్పా. వేరే మాట ఏమన్నా ఉంటే చెప్పు. లేకుంటే నేను ఈడ్నే కూసుంటాండా, నువ్వు ఆడ్నే కూసో. బొమ్మ వచ్చినాక ఇద్దరం లేద్దాం.”

అవతల కీబోర్డు టకటక వినిపించింది. తర్వాత అతను, లైన్లో ఉండండమ్మా అన్నాడు. మేడం పోయి అమ్మా వచ్చింది.

ఆ తర్వాత నా పరుగు. నేను టీవీ దగ్గర, అత్త ఫోన్ దగ్గర. బాక్సు ఆపమంటే ఆపాను. బాక్సులోని కార్డు తీసి, తుడిచి, మళ్లీ పెట్టమంటే పెట్టాను. తెర మీద ఏ అంకెలు కనిపిస్తే అవి గట్టిగా చదివాను, అత్త అవే అతనికి చెప్పింది. రెండుసార్లు తెర నల్లగా అయింది. మూడోసారి పాము, ఇటుకలు ఉన్న చోట ఒక్కసారిగా పచ్చగడ్డి, దాని మీద తెల్లగీతలు. వచ్చింది అత్తా అన్నాను.

అత్త వెంటనే లేచి రాలేదు. నేనే ఆమె పక్కకు వెళ్లి చెవి ఒగ్గాను. ముందు అతనికి వచ్చిందని చెప్పింది. అప్పుడు అతని గొంతు మారింది.

“ఇంగేం ఇబ్బంది లేదులేమ్మా, వస్తాంటాది,” అన్నాడు.

అత్త రిసీవరు చేతిలోకి తీసుకుంది. “మీది యాడప్పా?”

“బద్వేలమ్మా.”

“మరి ఇంతసేపూ ఆ మాట యాడ దాచిపెట్టినావు?”

అతను కొంచెం నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఈడ అట్ల మాట్లాడకూడదమ్మా. రికార్డు అవుతాది, మార్కులు కోస్తారు. మా యమ్మ కూడా అచ్చం నీ మాదిరే మాట్లాడ్తాది,” అన్నాడు.

 అత్త అతన్ని భోజనం వేళకు చెయ్యమని, నీళ్లు బాగా తాగమని చెప్పి ఫోన్ పెట్టింది. అప్పుడు లేచి, విరిగి అతుక్కున్న కాలిని మెల్లగా ఈడుస్తూ లోపలికి వచ్చి, టీవీ ముందు కూర్చుంది. జడపిల్ల మొదటి సెట్టు అప్పటికే ఓడిపోయి ఉంది. రెండో సెట్టూ మూడో సెట్టూ గెలిచింది. తుగ్గలి ఆడవాళ్లు ముగ్గురూ గడప మీద కూర్చుని ఆఖరుదాకా చూశారు. నలభై తర్వాత ఏమవుతుందో అత్త వాళ్లకు చెబుతుంటే వింటూ నేను వెనక నిలబడ్డాను. నేను బడిలో ఏడాది పాటు ఏ పాఠమూ అంత సులువుగా చెప్పలేదు.

రెండు రోజుల్లో ఈ సంగతి వీధంతా తెలిసింది. ఎదురుగా బట్టల అంగడి ఆయన క్రికెట్ చానల్ కోసం రెండు నెలలుగా తిరుగుతున్నాడట, తన బాక్సు నంబరు కాగితం మీద రాసుకుని వచ్చాడు. కుట్టుమిషన్ల ఆయన వచ్చాడు. మా బడి హెడ్మాస్టర్ గారు కూడా ఒక ఆదివారం అత్త ముందు పీట మీద కూర్చుని తన గోడు చెప్పుకున్నారు. అత్త ఎవరి తరఫునా తాను ఫోన్ చేయలేదు. వాళ్ల చేతే చేయించింది. క్యాలెండర్ తెచ్చుకోమని, ప్రతి మాటా రాసుకోమని, అవతలివాళ్లు కూడా జీతగాళ్లే కాబట్టి తిట్టొద్దని, కానీ ముందుగా మనం ఫోన్ పెట్టొద్దని చెప్పేది. హెడ్మాస్టర్ గారు తిట్టకుండా ఉండలేక రెండుసార్లు విఫలమయ్యారు. మూడోసారికి ఆయనకూ బొమ్మ వచ్చింది.

నేనూ నేర్చుకున్నాను. ఆ ఏడాదే మా జీతాలు రెండు నెలలు ఆలస్యమైతే, బడి కరెస్పాండెంట్ గదిలోకి వెళ్లి, ఆయన ఏ తేదీన ఏం చెప్పారో నెమ్మదిగా చదివి వినిపించి, అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఆయన రెండుసార్లు గడియారం చూశారు గానీ నేను లేవలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. సెమీఫైనల్ అయిన రెండు రోజులకే, శనివారం, ఫైనల్. అత్త పెందలాడే అంగడి తలుపులు మూసింది, మా ఇంట్లో పన్నెండు మంది దాకా చేరారు. మామ కూడా వార్తలు మానుకుని కూర్చున్నాడు. జడపిల్ల మొదటి సెట్టు గెలిచాక, రెండో సెట్టు ఐదూ ఐదు దగ్గర కరెంటు పోయింది. అందరూ అత్త వైపు తిరిగారు. అత్త లేచి, చీకట్లోనే తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్లి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఎవరు మాట్లాడుతున్నారో పేరు అడిగింది. గంట ఎంతయిందో నన్ను అడిగింది. పెన్సిల్ ఇమ్మంది.

ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆమె ఫోన్ వల్ల వచ్చిందో, దానంతట అదే వచ్చిందో నాకు తెలియదు. అప్పటికి జడపిల్ల గెలిచి, పళ్లెం లాంటి బహుమతి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు టీవీ వైపు చూసి కొట్టారు, నేను, మామ మాత్రం ఇంకా రిసీవరు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన అత్తను చూసి కొట్టాం.